అమ్మాయి ఆగస్టులో 9వ గ్రేడ్: కాలేజీ అప్లికేషన్ల కోసం ఏ ఏడాది ఏం చూసుకోవాలి? (టెక్సస్, హెచ్4)

ఫ్రిస్కో_నాన్న:

అందరికీ నమస్కారమండీ. మా అమ్మాయి ఈ 2026 ఆగస్టులో 9వ గ్రేడ్‌లోకి వెళ్తోంది. డాలస్ దగ్గర పబ్లిక్ స్కూలు, బ్యాచికి సుమారు 500 మంది. 8లోనే ఆల్జీబ్రా 1 అయిపోయింది. ఇంజనీరింగ్ గానీ కంప్యూటర్ సైన్స్ గానీ అంటోంది. ముందు యూటీ ఆస్టిన్ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) ఆశ, తర్వాత మిగతావి. స్కూల్లో ఆర్కెస్ట్రా, బయట కూచిపూడి.

మేం హెచ్1బీ (ఉద్యోగ వీసా), పిల్ల హెచ్4 (దాని మీద ఆధారపడిన కుటుంబ వీసా). ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయింది, గ్రీన్ కార్డు ఎప్పుడో తెలీదు. పిల్ల పుట్టింది 2012 మార్చిలో.

మనకి తెలిసింది ఇంటర్, ఎంసెట్. ఒక పరీక్ష, ఒక ర్యాంకు, కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు. ఇక్కడ 9 నుంచే అన్నీ లెక్కలోకి వస్తాయంటున్నారు, ఎవర్ని అడిగినా ఒక్కో మాట. ఏ ఏడాది ఏ నిర్ణయం తీసుకోవాలి, ఏది ఆలస్యమైతే సరిదిద్దుకోలేం, హెచ్4 వల్ల ఏం మారుతుంది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ప్లేనో_మాస్టారు:

ఫ్రిస్కో నాన్న గారూ, ముందు మీ డిస్ట్రిక్టు అకడమిక్ ప్లానింగ్ గైడ్ డౌన్‌లోడ్ చేసి జీపీఏ (గ్రేడ్ల సగటు), క్లాస్ ర్యాంకు ఎలా లెక్కేస్తారో ఉన్న పేజీలు రెండుసార్లు చదవండి. ఇక్కడ సరిదిద్దుకోలేనిది అదొక్కటే. ఎస్సేని 12లో పదిసార్లు తిరగరాయొచ్చు. శాట్ (కాలేజీ ప్రవేశ పరీక్ష) మళ్లీ రాయొచ్చు. 9లో తీసుకోని క్లాసు మాత్రం 11లో తలుపు మూసేస్తుంది, 9లో పడిన మార్కు అలాగే ఉండిపోతుంది. ఏటా చలికాలం చివర్లో పిల్లలు మీ సంతకం కోసం తెచ్చే కోర్స్ సెలక్షన్ షీటు దగ్గర రెండు గంటలు కూర్చోండి.

యూటీ సంగతి. 1997లో వచ్చిన చట్టం ప్రకారం టెక్సస్ హైస్కూలు బ్యాచిలో మొదటి 10 శాతంలో ఉన్నవాళ్లని రాష్ట్ర పబ్లిక్ యూనివర్సిటీలు చేర్చుకోవాలి. యూటీ ఆస్టిన్‌కి మాత్రం మినహాయింపు ఉంది: రాష్ట్రం పిల్లలకిచ్చే ఫస్ట్ ఇయర్ సీట్లలో 75 శాతం ఈ దారిలో నిండితే చాలు. అందుకే వాళ్ల గీత 10 నుంచి జారుతూ చాలాకాలం 6 దగ్గర ఉండి, 2026 ఫాల్ బ్యాచికి 5 శాతమైంది. మీ అమ్మాయి చేరేది 2030లో. అప్పటి గీత ఆ పిల్లలు 11లో ఉండగా సెప్టెంబర్‌లో చెప్తారు. ఇప్పటి లెక్కన 500 మందిలో 25వ ర్యాంకు లోపల ఉండాలి.

ఇక్కడే మనవాళ్లలో చాలామంది పొరబడేది. ఆటోమేటిక్ అడ్మిషన్ యూనివర్సిటీకి మాత్రమే, మేజర్‌కి కాదు. కంప్యూటర్ సైన్స్, ఇంజనీరింగ్, మెక్‌కూంబ్స్ బిజినెస్‌కి విడిగా ఎస్సేలు, యాక్టివిటీలు, కోర్సులు అన్నీ చూసి ఇస్తారు. 8వ ర్యాంకు పిల్లకి సీటొచ్చి, కంప్యూటర్ సైన్స్ రాకపోవడం మామూలే. 40వ ర్యాంకు పిల్లకి దారి పూర్తిగా మూసుకుపోదు గానీ బాగా ఇరుకు.

చట్టంలో ఇంకో మెలిక: ర్యాంకుతో పాటు 'డిస్టింగ్విష్డ్ లెవల్ ఆఫ్ అచీవ్‌మెంట్' ఉండాలి, అంటే ఒక ఎండార్స్‌మెంటు (ఎంచుకున్న రంగంలో కోర్సుల వరుస), ఆల్జీబ్రా 2తో కలిపి నాలుగు మ్యాథ్ క్రెడిట్లు, నాలుగు సైన్స్ క్రెడిట్లు. ఏపీ క్లాసులు (హైస్కూల్లోనే కాలేజీ స్థాయివి) తీసుకునే పిల్లలకి ఇది మామూలుగానే అయిపోతుంది, కానీ ఎండార్స్‌మెంటు 9లోనే ఎంచుకోవాలి. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్) పెట్టేయండి.

ఇక ర్యాంకు లెక్క. చాలా డిస్ట్రిక్టుల్లో ఏపీకి 6.0, అడ్వాన్స్‌డ్‌కి 5.5, మామూలు క్లాసుకి 5.0 తరహా స్కేలు ఉంటుంది (కొన్నిచోట్ల 5.0, 4.5, 4.0). కొన్ని చోట్ల మార్కుకి 0.1 చొప్పున తగ్గుతుంది కూడా: ఏపీలో 100కి 6.0, 95కి 5.5. అలాంటి చోట 'ఏ వస్తే చాలు' అనే మాట పనికిరాదు, 91కీ 98కీ మధ్య 0.7 తేడా. ఏడు క్లాసుల్లో ఆరు ఏపీలకి పూర్తి 6.0 వచ్చి, ఆర్కెస్ట్రాకి 5.0 వస్తే సగటు 5.857. ఆర్కెస్ట్రా మానేసి ఆ పీరియడ్ ఖాళీ పెట్టుకున్న పిల్లకి అవే ఆరు క్లాసులతో 6.0. ఏమీ చదవనివాళ్లు పైకి, వయొలిన్ వాయించినవాళ్లు కిందికి! ఫైన్ ఆర్ట్స్‌ని ర్యాంకు లెక్క నుంచి మినహాయించే వెసులుబాటు, లేదా కోర్ సబ్జెక్టులే లెక్కేసే పద్ధతి మీ డిస్ట్రిక్టులో ఉందేమో గైడ్‌లో వెతకండి. 8లో చదివిన ఆల్జీబ్రా 1 మార్కు హైస్కూలు జీపీఏలో కలుస్తుందో లేదో కూడా అక్కడే ఉంటుంది.

మ్యాథ్ దారి: మామూలుగా పోతే 9లో జామెట్రీ, 10లో ఆల్జీబ్రా 2, 11లో ప్రీకాల్క్ (కాల్క్యులస్‌కి ముందు కోర్సు), 12లో ఏపీ కాల్క్యులస్ బీసీ. దీంతో ఏ ఇంజనీరింగ్ కాలేజీకైనా సరిపోతుంది, 12లో ఏపీ ఫిజిక్స్ సీ కూడా పక్కనే తీసుకోవచ్చు. 11లోనే బీసీ కావాలంటే 9లో జామెట్రీ, ఆల్జీబ్రా 2 రెండూ కలిపి తీసుకోవాలి, లేదా జామెట్రీ ఈ వేసవిలో ముగించాలి. వేసవిలో ప్రీకాల్క్ మాత్రం చేయించకండి. ఆరు వారాల్లో ట్రిగ్నామెట్రీ మింగిన పిల్లలు బీసీలో ఇంటిగ్రేషన్ దగ్గర కూలబడతారు, ఆ మార్కు 11వ గ్రేడ్ ట్రాన్స్‌క్రిప్టు మీద, అందరూ చూసే చోట పడుతుంది.

9లో ఏపీ హ్యూమన్ జాగ్రఫీ, పట్టు ఉంటే ఏపీ కంప్యూటర్ సైన్స్ ప్రిన్సిపుల్స్, అంతే. 10లో వరల్డ్ హిస్టరీ, కంప్యూటర్ సైన్స్ ఏ. 11 బరువైన ఏడాది. డ్యూయల్ క్రెడిట్ (హైస్కూలుకీ కాలేజీకీ రెండింటికీ లెక్కయ్యే క్లాసు) తీసుకుంటే ఒకటి గుర్తుంచుకోండి: కమ్యూనిటీ కాలేజీలో వచ్చిన గ్రేడు కాలేజీ ట్రాన్స్‌క్రిప్టు మీద జీవితాంతం ఉంటుంది, మెడికల్ స్కూలుకి వెళ్లాలన్నా అడుగుతారు. చాలా ప్రైవేటు కాలేజీలు ఆ క్రెడిట్‌ని తీసుకోవు కూడా.

గోదారిగట్టు:

మాస్టారు గారి లెక్క సరైనదే, కానీ దాన్ని చూసి ఆర్కెస్ట్రా మానిపించేయకండి. ర్యాంకు అంత ఖచ్చితంగా పనిచేసేది టెక్సస్ పబ్లిక్ యూనివర్సిటీల్లోనే. బయట రాష్ట్రాలవాళ్లు, ప్రైవేటువాళ్లు మీ డిస్ట్రిక్టు 6.0 స్కేలుని పక్కన పెట్టి, స్కూలు ప్రొఫైల్ (స్కూలు పంపే వివరాల పత్రం) తెరిచి, ఈ స్కూల్లో ఏ క్లాసులున్నాయి, వాటిలో ఈ పిల్ల ఎన్ని కష్టమైనవి తీసుకుంది అని చూస్తారు. నాలుగేళ్లు ఒకే వాద్యం వాయించి, ఆల్-రీజియన్ (ప్రాంతీయ ఎంపిక) దాకా వెళ్లిన పిల్ల వాళ్లకి కనిపిస్తుంది. ఖాళీ పీరియడ్ పెట్టి ఎక్కిన నాలుగు ర్యాంకులు కనపడవు. పైగా 25 లోపల ఉంటుందా లేదా అన్నది 10వ గ్రేడ్ చివరికల్లా చాలావరకు తేలిపోతుంది. అప్పటికి 60 దగ్గర ఉంటే ఆ పందెం వదిలేసి నచ్చినవి చదవనివ్వండి. ఎలాగూ 10 శాతం దాటినవాళ్ల ర్యాంకు చాలా డిస్ట్రిక్టులు ట్రాన్స్‌క్రిప్టు మీద వేయనే వేయవు.

యూటీ రాకపోతే ఏమిటన్నది కూడా ఇప్పుడే తెలుసుకుని పెట్టుకోండి. టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో ఇంజనీరింగ్‌కి చేరితే మొదటి ఏడాది అందరూ జనరలే, 3.75 జీపీఏ తెచ్చుకుంటే కోరిన బ్రాంచి ఖాయం, తగ్గితే పోటీ. యూటీ డాలస్‌లో మంచి శాట్ ఉన్నవాళ్లకి మెరిట్ స్కాలర్‌షిప్ దొరకొచ్చు, ఇంటి నుంచి వెళ్లొచ్చు. కాలిఫోర్నియా యూసీలు (అక్కడి పబ్లిక్ యూనివర్సిటీలు) 9వ గ్రేడ్ మార్కుల్ని జీపీఏలో కలపవు, 10, 11 మాత్రమే. శాట్ అసలు చూడవు. కానీ బయట రాష్ట్రం ఫీజు మోత మోగుతుంది.

క్యూలో_ఉన్నా:

వీసా ముక్క నేను చెప్తా.

మీ అమ్మాయికి 21 నిండేది 2033 మార్చి. 2030లో చేరితే అది కాలేజీ మూడో ఏడాది రెండో సెమిస్టరు. ఆ రోజుతో హెచ్4 పోతుంది, అప్పటికి గ్రీన్ కార్డు ఫైలింగ్ దాకా రాకపోతే ముందే ఎఫ్1కి (స్టూడెంట్ వీసాకి) మారాలి. వయసు లెక్కలో ఐ-140 పెండింగ్‌లో ఉన్న రోజుల్ని తీసేసే చట్టం ఉంది. కానీ ప్రీమియం ప్రాసెసింగ్‌లో (అదనపు ఫీజుతో త్వరగా తేల్చేది) పెట్టి రెండు వారాల్లో అప్రూవల్ తెచ్చుకున్నవాళ్లకి తీసేయడానికి మిగిలేది ఆ రెండు వారాలే. మీ రిసీట్ తేదీ, అప్రూవల్ తేదీ ఒకసారి చూసుకుని ఈ లెక్క కాగితం మీద వేసి పెట్టుకోండి.

ఎఫ్1కి మారేటప్పుడు లాయరుతో మాట్లాడటం తప్పనిసరి, ఎందుకంటే తల్లిదండ్రుల ఇమిగ్రెంట్ పిటిషన్ మీద పిల్లలు ఉన్నారు. హెచ్4 మీద పిల్లలు జీతం తీసుకోకూడదు, కాబట్టి హైస్కూలు వేసవి ఉద్యోగాలు, కాలేజీలో పెయిడ్ ఇంటర్న్‌షిప్‌లు కుదరవు. ఎఫ్1 అయితే ఒక విద్యా సంవత్సరం తర్వాత సీపీటీ (చదువుకి సంబంధించిన పనికి అనుమతి) దొరుకుతుంది. అందుకే కొందరు 21 దాకా ఆగకుండా రెండో ఏడాదికే మారతారు.

ఫీజు: టెక్సస్‌లో హెచ్4 పిల్లలు, తల్లిదండ్రులు ఇక్కడే స్థిరంగా ఉన్నట్టు చూపిస్తే, ఇన్-స్టేట్ ఫీజుకి అర్హులే. సెమిస్టర్ సెన్సస్ తేదీకి (చేరినవాళ్లని లెక్కేసే రోజుకి) ముందు 12 నెలల లెక్క చూస్తారు. ఉద్యోగం, ఇల్లు కాగితాలు దగ్గర పెట్టుకోండి. అప్లికేషన్‌లో రెసిడెన్సీ ప్రశ్నల పేజీ పిల్లల మీద వదిలేయకండి. పౌరసత్వం ఇండియా అని కొట్టి, వీసా దగ్గర తడబడి 'ఇంటర్నేషనల్' బుట్టలో పడిపోతారు, తర్వాత సరిచేయించడానికి వేసవంతా పడుతుంది. ఎఫ్1కి మారాక అదే ఫీజు కొనసాగుతుందా అని కాలేజీ రెసిడెన్సీ ఆఫీసుని ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. ఫోన్‌లో చెప్పింది నిలవదు.

ఫాఫ్సా (ప్రభుత్వ ఆర్థిక సాయం అప్లికేషన్) హెచ్4కి వర్తించదు, అది ముఖ్యంగా పౌరులకీ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకీ. అయినా ఒక తేదీ తెలుసుకోండి: 2030-31 ఏడాదికి చూసేది 2028 పన్ను లెక్కలు, అంటే పిల్ల 10 చివర, 11 మొదట్లో ఉన్న ఏడాది. ఈలోపు గ్రీన్ కార్డు వస్తే అదే లెక్క. ప్రైవేటు కాలేజీల్లో సీఎస్ఎస్ ప్రొఫైల్ (కాలేజీ ఇచ్చే సాయం కోసం నింపే ఫారం) ఉంటుంది, అది హెచ్4 వాళ్లూ నింపొచ్చు. ఆ 2028లో ఇల్లు అమ్మినా, కంపెనీ షేర్లు పెద్ద మొత్తంలో అమ్మి లాభం చూపించినా ఆదాయం ఉబ్బి కనిపిస్తుంది. చాలా ప్రైవేటు కాలేజీలు హెచ్4 పిల్లల్ని ఇంటర్నేషనల్ కింద పెడతాయి, సాయం అడిగితే అడ్మిషన్ మీద ప్రభావం పడొచ్చు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్, డార్ట్‌మత్ లాంటి కొన్ని మాత్రం ఎవరికైనా డబ్బు సంగతి చూడకుండా సీటు నిర్ణయిస్తాయి.

కావేరి_ఇర్వింగ్:

పరీక్షలు, యాక్టివిటీలు, ఎస్సేలు.

పీశాట్ (శాట్‌కి ముందు రాసే పరీక్ష) 9, 10లలో రాసేది అలవాటు కోసమే. 11వ గ్రేడ్ అక్టోబర్‌ది ఒక్కటే నేషనల్ మెరిట్ (స్కాలర్‌షిప్ పోటీ)కి లెక్క. దాని సెలక్షన్ ఇండెక్స్‌లో రీడింగ్-రైటింగ్‌ని రెండుతో గుణించి, మ్యాథ్ కలిపి, పదితో భాగిస్తారు. మ్యాథ్ 760, రీడింగ్ 700 అయితే 216. తిరగేసి మ్యాథ్ 700, రీడింగ్ 760 అయితే 222. మొత్తం ఒకటే 1460, ఇండెక్స్‌లో ఆరు తేడా! మన ఇళ్లలో లెక్కల ట్యూషన్‌కే పంపుతాం, పిల్లలు ఆగేది మాత్రం రీడింగ్ దగ్గర. 9, 10లలో రోజూ అరగంట ఏదైనా గట్టి వచనం చదివించండి, కోచింగ్ కంటే అదే పనిచేస్తుంది.

శాట్ ఇప్పుడు డిజిటల్, 2 గంటల 14 నిమిషాలు. ఒక్కో సెక్షన్‌లో రెండు మాడ్యూళ్లు. మొదటిదాంట్లో తప్పులెక్కువైతే రెండోది తేలికది వస్తుంది, తేలికది వచ్చిందంటే స్కోరుకి పైకప్పు పడినట్టే. అందుకని మొదటి మాడ్యూల్‌లో తొందరపడకూడదు. బ్లూబుక్ యాప్‌లో కాలేజ్ బోర్డు వాళ్లవే పూర్తి పరీక్షలు ఉచితంగా ఉన్నాయి. డెస్మోస్ కాలిక్యులేటర్ అందులోనే ఉంటుంది, దాన్ని వాడటం విడిగా నేర్చుకోవాలి. 11 మొదట్లో ఆగస్టులో ఒకసారి, మార్చిలో ఇంకోసారి, చాలు. సీట్లు దగ్గర సెంటర్లలో ముందే నిండిపోతాయి. యూటీ ఆస్టిన్, ఎంఐటీ, జార్జియా టెక్ స్కోరు తప్పనిసరిగా అడుగుతున్నాయి, కాబట్టి 'టెస్ట్ ఆప్షనల్' అని వదిలేయకండి. ఏపీ పరీక్షలు మేలో అయినా, పేరు ఇచ్చి డబ్బు కట్టే గడువు నవంబర్ మధ్యలోనే అయిపోతుంది.

యాక్టివిటీలు: కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకి పనికొచ్చే ఒకే అప్లికేషన్) పది గళ్లే. ఒక్కో దానికి వివరణ 150 అక్షరాలు, ఖాళీలతో కలిపి. వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని అడుగుతారు, అప్లికేషన్ చదివేవాళ్లు కూడతారు కూడా. కూచిపూడి 12, రోబోటిక్స్ 15, ఆర్కెస్ట్రా 10, సేవ 10 అని వేస్తే వారానికి 47 గంటలు. స్కూలు, హోంవర్కు కలిపితే పిల్ల నిద్రపోయేదెప్పుడు? 9 నుంచే ఒక ఎక్సెల్ షీటులో తేదీ, గంటలు, ఏం చేసింది, ఎంతమందికి, ఏం ఫలితం అని నెలకోసారి రాయించండి. 12లో గుర్తు తెచ్చుకుని రాస్తే అన్నీ ఒకే రకంగా, ఉబ్బించినట్టు కనిపిస్తాయి. కూచిపూడికి 'పదేళ్ల నాట్యం' అని రాస్తే ఏమీ తెలియదు. చిన్న పిల్లలకి నాట్యం అడుగులు నేర్పింది, రంగప్రవేశానికి రెండు గంటల ప్రదర్శన సిద్ధం చేసింది అని రాస్తే పని తెలుస్తుంది. కొత్త నాన్-ప్రాఫిట్ పెట్టించే ఆలోచన మాత్రం వద్దు. మన ఏరియాల నుంచి ఏటా ఎన్నో వెళ్తాయి, అన్నీ పిల్ల కాలేజీకి వెళ్లగానే మూతపడతాయి, చదివేవాళ్లకి తెలుసు.

వేసవి: పెద్ద యూనివర్సిటీ పేరుతో, వేల డాలర్లు కడితే చేర్చుకునే క్యాంపులు సరదాకి మంచివే, అప్లికేషన్‌కి బరువివ్వవు. ఉచితంగా ఉండి, పరీక్ష పెట్టి కొద్దిమందిని తీసుకునేవే బరువైనవి. ప్రభుత్వ ల్యాబుల ప్రోగ్రాములు చాలావాటికి పౌరసత్వం లేదా గ్రీన్ కార్డు కావాలి, హెచ్4 పిల్లలు అప్లై చేసే ముందే అర్హత వరుస చదవాలి.

రికమెండేషన్లు 11వ గ్రేడ్ టీచర్లవి. ఒకరు మ్యాథ్/సైన్స్, ఒకరు ఇంగ్లిష్/హిస్టరీ. 11 ముగిసే ముందు, మేలోనే అడగాలి. పేరున్న టీచర్లు లెక్క పెట్టుకుని ఇన్నే రాస్తారు, ఆగస్టుకి అడిగితే లేదంటారు. ఉత్తరం చూసే హక్కు వదులుకున్నట్టు టిక్ పెట్టాలి, లేకపోతే దానికి విలువుండదు.

12 క్యాలెండర్ అందరికీ తెలిసిందే: ఆగస్టు 1న కామన్ యాప్ తెరుచుకుంటుంది, ఎర్లీ గడువులు ఎక్కువగా నవంబర్ 1, రెగ్యులర్ జనవరి మొదట్లో. పెద్ద ఎస్సే 650 పదాలు, ఆగస్టు 1కల్లా చిత్తుప్రతి ఉండాలి, ఎందుకంటే తర్వాత ఒక్కో కాలేజీ సప్లిమెంట్లు మీద పడతాయి. ఎర్లీ డెసిషన్ అంటే ఒప్పందం, సీటొస్తే చేరాల్సిందే. ఫీజు లెక్క చూడకుండా పెట్టకండి. ఎర్లీ యాక్షన్‌కి ఆ బంధం లేదు. ఎస్సే ఏఐతో రాయించడాన్ని కామన్ యాప్ మోసం కింద లెక్కేస్తుంది. తండ్రి రాసినా చదివేవాళ్లకి తెలిసిపోతుందనుకోండి.

ఫ్రిస్కో_నాన్న:

అందరికీ చాలా థ్యాంక్సండీ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. గైడ్ తీశాను. మా దగ్గర మార్కుకి 0.1 పద్ధతే. ఇంకో రెండు అడుగుతా. పిల్ల తెలుగు చదవడం, రాయడం నేర్చుకుంది, దాన్ని ఫారిన్ లాంగ్వేజ్ క్రెడిట్ కింద తీసుకుంటారా? రెండు, కన్సల్టెంట్‌ని పెట్టుకోవాలా? ఒకాయన నాలుగేళ్ల ప్యాకేజీ అంటున్నాడు.

ప్లేనో_మాస్టారు:

తెలుగు: డిస్ట్రిక్టుని బట్టి. టెక్సస్‌లో క్రెడిట్ బై ఎగ్జామ్ ఉంది. ముందు క్లాసులో చదవని కోర్సుకి 80 మార్కులు రావాలి. తెలుగుకి ఏ సంస్థ పరీక్ష ఒప్పుకుంటారో, మనబడి లాంటి చోట చదివినదాన్ని చూస్తారో లేదో కౌన్సిలర్ని కాదు, డిస్ట్రిక్టు వరల్డ్ లాంగ్వేజెస్ ఆఫీసుని అడగండి. గ్రాడ్యుయేషన్‌కి ఒకే భాషలో రెండు క్రెడిట్లు చాలు. కానీ గట్టి కాలేజీలు మూడు, నాలుగేళ్లు అడుగుతాయి, తెలుగులో రెండు పరీక్షతో తెచ్చుకుని అక్కడితో ఆపేస్తే చాలదు. తెలుగులో పై లెవెల్ క్రెడిట్లు కూడా ఇస్తారేమో కనుక్కోండి. ఇవ్వకపోతే స్పానిష్ 1 నుంచి 3 దాకా స్కూల్లోనే తీసుకోనివ్వండి. పరీక్షతో వచ్చిన క్రెడిట్‌ని ర్యాంకు లెక్కలో కలుపుతారా అన్నది కూడా అదే ఈమెయిల్‌లో అడగండి.

కావేరి_ఇర్వింగ్:

కన్సల్టెంట్ 9లో అనవసరం. మొదటి రెండేళ్లు చేయాల్సినవి పైన వచ్చేశాయి, అవి మీరు ప్లానింగ్ గైడ్ చూసి చేసుకోగలరు. కావాలంటే 11 ముగిశాక వేసవిలో ఎస్సేల వరకు గంటల లెక్కన పెట్టుకోండి. సంతకం పెట్టే ముందు మూడు అడగండి: హెచ్4 పిల్లల అప్లికేషన్లు చేశారా, రెసిడెన్సీ పేజీ ఎలా నింపుతారు, ఎస్సే ఎవరు రాస్తారు. మూడోదానికి 'మేమే చూసుకుంటాం' అంటే లేచి వచ్చేయండి.